పేద స్కాట్లాండ్‌లో అంతమంది ఆలోచనాపరులు ఎలా పుట్టుకొచ్చారు?

మీరు మూడు విషయాలు అడిగారు. పదిలక్షలకు కాస్త పైబడిన జనాభా ఉన్న స్కాట్లాండ్‌లో 18వ శతాబ్దంలో తత్వవేత్త డేవిడ్ హ్యూమ్, ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్, రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్, ఆవిరి యంత్రాన్ని మెరుగుపరిచిన జేమ్స్ వాట్, భూగర్భ శాస్త్రవేత్త జేమ్స్ హటన్ లాంటివాళ్లు ఒకే కాలంలో ఎలా పుట్టుకొచ్చారు? 1707లో ఇంగ్లండ్‌తో కలిసిపోవడమే దీనికి కారణమన్న మాట నిజమేనా? తెలుగు ప్రాంతాలకు ఆ చరిత్రతో ఏమైనా సంబంధం ఉందా? ఐరోపా చరిత్ర చాలాకాలంగా పాఠం చెబుతున్నాను. ఈ కాలమంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

విలీనం సంగతి ముందు చెప్పేస్తాను. అది కారణాల్లో ఒకటి, అంతే. దాని ఆర్థిక ఫలితాలు సామాన్యులకు కనబడడానికి ముప్ఫై నలభై ఏళ్లు పట్టింది. ఆలోచనల్లో మార్పు అంతకుముందే మొదలైంది. అసలు ఆశ్చర్యపోవలసింది మరొకచోట ఉంది.

1697 జనవరి 8న ఎడిన్‌బరో నుంచి లీత్ రేవుకు వెళ్లే దారిలో థామస్ ఐకెన్‌హెడ్ అనే విద్యార్థిని ఉరితీశారు. వయసు ఇరవై ఏళ్లు. నేరం దైవదూషణ. పాత నిబంధన కట్టుకథల పుస్తకమని, 1800 నాటికి క్రైస్తవం అంతరించిపోతుందని స్నేహితుల దగ్గర అన్నాడు. కోర్టులో సాక్ష్యం చెప్పినవాళ్లూ ఆ స్నేహితులే. తప్పయిందని, క్షమించమని వేడుకున్నాడు. చర్చి పెద్దలు సిఫారసు చేస్తే శిక్ష ఆపుతామని ప్రభుత్వ మండలి చెప్పింది. పెద్దలు సిఫారసు చెయ్యలేదు సరికదా, ఉరి పడవలసిందేనన్నారు. దైవదూషణ నేరం కింద బ్రిటన్‌లో మరణశిక్ష పడి ప్రాణం పోగొట్టుకున్న చివరి మనిషి అతడు.

అరవై ఏళ్లు తిరక్కుండానే, 1756లో, అదే చర్చి మహాసభ ముందుకు హ్యూమ్‌ను విచారించాలన్న ప్రతిపాదన వచ్చింది. ఐకెన్‌హెడ్ నోటిమాటగా అన్నదానికంటే ఎంతో లోతైన సందేహాలను హ్యూమ్ అచ్చువేయించి, పేరు పెట్టుకుని, అమ్ముతున్నాడు. అయినా ప్రతిపాదన వీగిపోయింది. వీగిపోయేలా చూసింది విలియం రాబర్ట్‌సన్, హ్యూ బ్లెయిర్ వంటి పాస్టర్లు. హ్యూమ్‌తో ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేసే మిత్రులు వాళ్లు. ఒక్క మనిషి జీవితకాలంలో, అదే ఊళ్లో, అదే చర్చిలో ఇంత మార్పు ఎలా వచ్చింది? మీ మొదటి ప్రశ్నకు సమాధానం ఇందులోనే ఉంది.

1690లలో స్కాట్లాండ్ దిక్కుతోచని స్థితిలో ఉండేది. వరసగా పంటలు పోయి కరువు వచ్చింది. అదే దశాబ్దంలో, ఇప్పటి పనామా దగ్గరి డేరియన్‌లో వలస స్థాపించి ప్రపంచ వ్యాపారం చేద్దామని ఒక కంపెనీ పెట్టారు. ప్రభువులు, వర్తకులు, వితంతువులు, పట్టణ సంఘాలు కలిసి 4 లక్షల పౌండ్లకు వాటాలు రాసిచ్చారు. దేశంలో చేతికందే డబ్బులో అది చాలా పెద్ద భాగం. జ్వరాలు, ఆకలి, స్పెయిన్ సైన్యం, ఇంగ్లండ్ సహాయ నిరాకరణ కలిసి ఆ వలసను తుడిచిపెట్టాయి. వెళ్లినవాళ్లలో దాదాపు 2,000 మంది చనిపోయారు. ఆ దెబ్బ మీద 1707 విలీనం వచ్చింది. ఒప్పందం ప్రకారం ఇంగ్లండ్ ఇచ్చిన 3,98,085 పౌండ్లలో ఎక్కువ భాగం డేరియన్ వాటాదారుల నష్టం పూడ్చడానికే పోయింది.

ఎడిన్‌బరోలో పార్లమెంటు మూతపడింది. పదవులు కావలసినవాళ్లు లండన్ దారి పట్టారు. కానీ చర్చి, న్యాయస్థానాలు, విశ్వవిద్యాలయాలు స్కాట్లాండ్ చేతిలోనే మిగిలాయి. తెలివైన కుర్రవాడు సొంత ఊళ్లో పైకి రావాలంటే పాస్టర్ కావాలి, వకీలు కావాలి, లేదా ప్రొఫెసర్ కావాలి. ఈ మూడు వృత్తులూ చదువు మీద, వాదన మీద బతికేవే. విలీనం స్కాట్లాండ్‌కు ఇచ్చిన మేలు ఏదైనా ఉంటే, నా లెక్కలో అది ఈ మూడింటి జోలికి రాకపోవడం. రాజకీయం ఊరు వదిలి వెళ్లిపోయాక ఆ శక్తి అంతా వీటిలోకి మళ్లింది.

ఇక బడుల సంగతి. 1560లో ప్రొటెస్టెంట్ సంస్కరణ జరిగినప్పుడే ఆ సంస్కరణ నాయకుడు జాన్ నాక్స్ వర్గం ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక్కో చర్చి కిందికి వచ్చే ప్రాంతంలోనూ, బడి ఉండాలని ప్రణాళిక రాసింది. ప్రతి మనిషీ బైబిల్‌ను స్వయంగా చదవాలన్నది వాళ్ల పట్టుదల. డబ్బు లేక అది చాలాకాలం కాగితం మీదే ఉండిపోయింది. 1696లో వచ్చిన చట్టం ఆ బాధ్యతను భూస్వాముల నెత్తిన పెట్టింది. బడి ఇల్లు కట్టాలి, మాస్టారికి ఏడాదికి 100 నుంచి 200 మెర్కుల (పాత స్కాట్లాండ్ నాణేల) దాకా జీతం ఇవ్వాలి. ఐకెన్‌హెడ్‌ను జైల్లో పెట్టిన ఏడాదే ఈ చట్టమూ వచ్చింది. చర్చి బడులు పెట్టించింది బైబిల్ కోసమే. కానీ అక్షరం వచ్చినవాడు బైబిల్ దగ్గరే ఆగిపోడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. స్కాట్లాండ్‌లో అందరికీ చదువు వచ్చేసిందని పుస్తకాల్లో కనబడే మాటను యథాతథంగా తీసుకోవద్దు. దక్షిణాది మైదాన ప్రాంతాల్లో మగవాళ్ల విషయంలో అది చాలావరకు నిజం. ఆడపిల్లలకు చాలాచోట్ల చదవడం నేర్పేవారు గానీ రాయడం నేర్పేవారు కాదు. ఉత్తరాది కొండ ప్రాంతాల్లో పారిష్‌లు మరీ పెద్దవి. ఒక్క బడి ఎవరికి సరిపోతుంది?

అయినా ఆ చదువు ఎంత లోపలికి దిగిందో చూడాలంటే నేను రెండు చోట్లకు తీసుకెళ్తాను. ఒకటి లెడ్‌హిల్స్, సీసపు గనుల ఊరు. దేశంలోకెల్లా ఎత్తయిన ఊళ్లలో అదొకటి. చుట్టూ బోడికొండలు, చలి, సేద్యానికి పనికిరాని నేల. అక్కడ 1741 నవంబరులో గని కార్మికులు చందాలు వేసుకుని సొంతంగా గ్రంథాలయం పెట్టుకున్నారు. వ్యవస్థాపక సభ్యులు 23 మంది. బడి మాస్టారు, పాస్టరు తప్ప మిగతా అందరూ గని మనుషులే. గనుల నిర్వాహకుడు జేమ్స్ స్టిర్లింగ్ పేరున్న గణిత శాస్త్రవేత్త. గణితం చదివినవాళ్లకు స్టిర్లింగ్ సూత్రంగా తెలిసినది ఆయన పేరు మీద ఉన్నదే. ఆయన గనిలో పనిగంటలను ఆరుకు పరిమితం చేశాడు. మిగిలిన పొద్దులో వాళ్లు చరిత్ర, మతం, యాత్రా గ్రంథాలు చదివారు. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు ఎలా ఉందో పరీక్షించి చూసేవారు, పాడుచేస్తే జరిమానా. బ్రిటన్ దీవుల్లో చందాదారులు నడిపిన గ్రంథాలయాల్లో ఇదే మొదటిది. ఇప్పటికీ ఉంది.

రెండోది క్రీఫ్ పట్టణం దగ్గరి ఇన్నర్‌పెఫ్రే. డ్రమండ్ వంశపు ప్రభువు ఒకాయన 1680 ప్రాంతంలో తన పుస్తకాలను చుట్టుపక్కల జనం చదువుకోవడానికి వదిలిపెట్టాడు. 1747 నుంచి పుస్తకాలు అరువు తీసుకున్నవాళ్ల రిజిస్టరు ఉంది. పేరు, ఊరు, వృత్తి, తీసుకున్న పుస్తకం, తిరిగి ఇస్తానన్న హామీ, కింద సంతకం. నేత పనివాళ్లు, మేస్త్రీలు, పాలేర్లు, విద్యార్థులు, బడి మాస్టర్లు, అందరూ ఆ రిజిస్టరులో కనబడతారు. పుస్తకాన్ని చంకన పెట్టుకుని మైళ్ల దూరం నడిచి వెళ్లిన సామాన్యుల సంతకాలవి. హ్యూమ్, స్మిత్‌ల గురించి చదివేవాళ్లు ఈ రిజిస్టరు గురించి కూడా తెలుసుకోవాలని నా కోరిక. ఆలోచనలను అచ్చువేస్తే కొనేవాళ్లు, చదివేవాళ్లు, తప్పుపట్టేవాళ్లు ఉండాలి. స్కాట్లాండ్‌లో వాళ్లు ఉన్నారు.

విశ్వవిద్యాలయాల దగ్గరకు వస్తే, ఇంగ్లండ్‌కు రెండే ఉన్న రోజుల్లో స్కాట్లాండ్‌కు ఐదు. సెయింట్ ఆండ్రూస్, గ్లాస్గో, ఎడిన్‌బరో ఒక్కొక్కటి, ఒక్క అబర్డీన్‌లోనే రెండు. ఎక్కువ ఉండడం గొప్ప కాదు, అవి నడిచిన తీరు గొప్ప. పాత పద్ధతిలో ఒకే ఉపాధ్యాయుడు ఒక జట్టుకు ఏళ్ల తరబడి అన్ని పాఠాలూ చెప్పుకుంటూ వెళ్లేవాడు. 1708లో ఎడిన్‌బరో, 1727లో గ్లాస్గో ఆ పద్ధతి తీసేసి ఒక్కో శాస్త్రానికి ఒక్కో ప్రొఫెసర్‌ను పెట్టాయి. ప్రొఫెసర్‌కు స్థిరమైన జీతం కొంతే, మిగతాది తరగతిలో చేరే విద్యార్థులు నేరుగా ఆయన చేతికిచ్చే ఫీజు. పాఠం బాగా చెబితే తరగతి నిండుతుంది, లేకపోతే ఆదాయం పడిపోతుంది. ఫీజులు తక్కువ. చేరడానికి ఇంగ్లండ్ అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చి సభ్యుడై ఉండాలన్న నిబంధన లేదు. ఆ నిబంధన వల్ల ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు దూరమైన ఇంగ్లండ్ కుటుంబాలు పిల్లల్ని ఇటు పంపాయి.

రెండు పద్ధతులనూ అనుభవించిన మనిషి ఆడమ్ స్మిత్. 14 ఏళ్లకే గ్లాస్గోలో చేరాడు. అక్కడ నీతిశాస్త్రం చెప్పిన ఫ్రాన్సిస్ హచిసన్ లాటిన్‌ను పక్కనపెట్టి ఇంగ్లీషులో, తరగతిలో అటూ ఇటూ నడుస్తూ పాఠం చెప్పేవాడు. ఆయన్ని మరిచిపోవడం ఎన్నటికీ సాధ్యం కాదని స్మిత్ ముసలితనంలో కూడా రాశాడు. ఆ తర్వాత స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లి 1740 నుంచి 1746 దాకా ఉన్నాడు. అక్కడి ప్రొఫెసర్లలో చాలామంది పాఠం చెబుతున్నట్టు నటించడం కూడా మానేశారని తన ఆర్థికశాస్త్ర గ్రంథం ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’లో తేల్చి చెప్పాడు. జీతం ఎలాగూ వస్తుంది కాబట్టి శ్రమ పడవలసిన అవసరం లేదన్నది ఆయన విశ్లేషణ. ఆర్థికశాస్త్రంలో ఆయన పెట్టిన సూత్రాల్లో కొన్ని తరగతి గదిలో కళ్లారా చూసినవే.

అదే స్మిత్ 1764లో ఒక యువ ప్రభువుకు శిక్షకుడిగా కుదిరి, సంవత్సరం మధ్యలో గ్లాస్గో వదిలి వెళ్లవలసి వచ్చింది. చివరి రోజు విద్యార్థుల ఫీజులను కాగితం పొట్లాలుగా కట్టి తీసుకొచ్చాడు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచాడు. మొదటి కుర్రవాడు తీసుకోనన్నాడు. ఇప్పటికే అంతకంటే ఎక్కువ నేర్చుకున్నామన్నారు అందరూ. స్మిత్ ఒప్పుకోలేదు. దగ్గరున్న కుర్రవాడి కోటు పట్టుకుని జేబులో డబ్బు కుక్కేశాడు. ఇక మిగతావాళ్లకు తీసుకోక తప్పలేదు.

ఇప్పుడు ఎడిన్‌బరో ఊరు. పాత పట్టణం ఒక కొండ వెన్ను మీద ఇరుక్కుని ఉంది. విస్తరించే చోటు లేక ఇళ్లు ఎనిమిది, పది అంతస్తులు లేచాయి. ఒకే మెట్ల దారిలో కింద దుకాణదారు, నడుమ జడ్జి, పై అంతస్తులో దర్జీ ఉండేవాళ్లు. మురికినీళ్లు కిటికీలోంచి వీధిలోకి పారబోసేవారు. పారబోసేముందు ‘గార్డీ లూ’ అని కేక వెయ్యాలి. ఈ ఇరుకు ఆరోగ్యానికి మంచిది కాదు, ఆలోచనకు మాత్రం కలిసొచ్చింది. పోట్లాడుకున్న ఇద్దరు పండితులు మర్నాడు అదే మెట్ల మీద ఎదురుపడక తప్పదు. ఊరి నడుమ ఉన్న మార్కెట్ స్తంభం దగ్గర నిలబడితే కొన్ని నిమిషాల్లో యాభైమంది ప్రతిభావంతులతో చేతులు కలపవచ్చని ఒక ఇంగ్లీషు పెద్దమనిషి అన్నట్టు విలియం స్మెల్లీ రాసి పెట్టాడు. ఆ స్మెల్లీ 1768–71 మధ్య అదే ఊళ్లో వెలువడిన ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా మొదటి కూర్పుకు సంపాదకుడు.

క్లబ్బులు ఆ ఊరికి ప్రాణం. 1754లో చిత్రకారుడు అలన్ రామ్సే మొదలుపెట్టిన సెలెక్ట్ సొసైటీలో హ్యూమ్, స్మిత్, జడ్జీలు, పాస్టర్లు కలిసి వాదించేవారు. భూమి హక్కులు, జనాభా, పేదలకు సాయం, మద్యంపై పన్ను, ఏదైనా సరే. రెండు మాత్రం నిషిద్ధం. దైవం వెల్లడించిన మతం గురించి వాదించకూడదు. పదవి పోయిన స్టూవర్ట్ రాజవంశాన్ని వెనకేసుకొచ్చే ప్రస్తావన తేకూడదు. 1745లో స్టూవర్ట్ యువరాజు తిరుగుబాటు, 1746 ఏప్రిల్‌లో ఆ తిరుగుబాటును అణిచేసిన కలోడన్ యుద్ధపు రక్తపాతం జరిగి ఎన్నో ఏళ్లు కాలేదు. ఏది మాట్లాడితే కత్తులు లేస్తాయో దాన్ని బయటపెట్టి, మిగతా సమస్తాన్నీ వాదనకు తెరిచారు. దీన్ని పిరికితనం అనేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. అంతర్యుద్ధం చూసిన తరం కలిసి మాట్లాడుకోవడానికి వేసుకున్న బాట అది.

ఆ ఓర్పుకూ హద్దులున్నాయి. హ్యూమ్‌కు 1745లో ఎడిన్‌బరోలో, 1752లో గ్లాస్గోలో ప్రొఫెసర్ పదవి దక్కలేదు. స్కాట్లాండ్‌లో పుట్టిన అతి గొప్ప తత్వవేత్త తన జీవితంలో ఒక్క రోజు కూడా విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పలేదు. న్యాయవాదుల గ్రంథాలయానికి సంరక్షకుడిగా చేరి, ఆ పుస్తకాలతోనే ఇంగ్లండ్ చరిత్ర రాశాడు. 1776 ఆగస్టులో ఆయన చనిపోయాక స్మిత్ ఒక చిన్న లేఖ ప్రచురించాడు. హ్యూమ్ భయం లేకుండా, ప్రసన్నంగా పోయాడని, మనిషి బలహీనత అనుమతించినంతమేరకు పరిపూర్ణ వివేకి అని అందులో ఉంది. నాస్తికుడు ప్రశాంతంగా ఎలా చనిపోతాడని జనం మండిపడ్డారు. బ్రిటన్ వాణిజ్య వ్యవస్థ మొత్తాన్ని విమర్శించినప్పుడు వచ్చిన తిట్ల కంటే ఈ లేఖకు పదింతలు వచ్చాయని స్మిత్ తర్వాత వాపోయాడు.

ఈ దగ్గరితనం శాస్త్రంలో ఏం చేసిందో చూడండి. జేమ్స్ వాట్ కొలత పరికరాలు చేసే పనివాడు. గ్లాస్గో పట్టణంలో దుకాణం పెట్టుకోబోతే అక్కడి చేతివృత్తుల సంఘం అడ్డుకుంది, తమ దగ్గర శిష్యరికం చెయ్యలేదు కాబట్టి. 1757లో విశ్వవిద్యాలయం తన ఆవరణలో అతనికి పని గది ఇచ్చింది. ఆ ఆవరణలో సంఘం మాట చెల్లదు. తరగతిలో చూపించే న్యూకమెన్ ఆవిరి యంత్రపు నమూనా చెడిపోతే 1763లో బాగుచెయ్యమని వాట్‌కు ఇచ్చారు. బాగుచేసినా అది నాలుగు ఊపులు ఊగి ఆగిపోయేది. ఇంత ఆవిరి ఎక్కడికి పోతోంది? ప్రతి ఊపుకూ సిలిండరును చల్లబరిచి మళ్లీ వేడిచెయ్యడంలోనే పోతోంది. కాస్త ఆవిరి అంత నీటిని ఎలా కాచగలుగుతోందో అంతుపట్టక వాట్ వెళ్లి అడిగింది రసాయన శాస్త్రం చెప్పే జోసెఫ్ బ్లాక్‌ను. బ్లాక్ అప్పటికే గుప్తోష్ణం గురించి, అంటే నీరు ఆవిరయ్యేటప్పుడు ఉష్ణోగ్రత పెరగకుండానే లోపల దాచుకునే వేడి గురించి, పాఠాల్లో చెబుతున్నాడు. 1765లో ఒక ఆదివారం గ్లాస్గో గ్రీన్ మైదానంలో నడుస్తుండగా, ఆవిరిని వేరే పాత్రలోకి పంపి అక్కడ చల్లార్చాలన్న ఊహ వాట్‌కు తట్టింది. దాన్ని యంత్రంగా మార్చడానికి అప్పు ఇచ్చినవాళ్లలోనూ బ్లాక్ ఉన్నాడు. పనివాడికీ ప్రొఫెసర్‌కూ మధ్య తలుపు తెరిచి ఉన్న చోట ఇది సాధ్యమైంది.

హటన్ కథ నాకు అన్నిటికంటే ఇష్టం. చదివింది వైద్యం. సాల్ అమోనియాక్ అనే లవణం తయారీలో డబ్బు సంపాదించాడు. బెర్విక్‌షైర్‌లో పొలం సాగుచేశాడు. వానకు పొలంలో మట్టి కొట్టుకుపోవడం ఏళ్ల తరబడి చూశాడు. మట్టి ఎప్పుడూ సముద్రంలోకి పోతూనే ఉంటే నేల ఎప్పుడో అయిపోవాలి కదా, కొత్త నేల ఎక్కడి నుంచి వస్తోంది? సముద్రం అడుగున పేరుకున్న బురద భూగర్భ వేడికి గట్టిపడి మళ్లీ పైకి లేస్తోందని తేల్చాడు. 1785లో ఎడిన్‌బరో రాయల్ సొసైటీలో ఆ సిద్ధాంతాన్ని మొదట చదివి వినిపించింది కూడా బ్లాకే. బైబిల్ లెక్కల ప్రకారం అప్పటికి భూమి వయసు ఆరువేల ఏళ్లలోపు.

1788లో హటన్, గణితం ప్రొఫెసర్ జాన్ ప్లేఫెయిర్, యువకుడు జేమ్స్ హాల్ పడవ వేసుకుని తూర్పు తీరం వెంబడి వెళ్లారు. సికార్ పాయింట్ అనే రాతి కొన దగ్గర దిగారు. అక్కడ బూడిదరంగు రాతి పొరలు నిలువుగా, బీరువాలో నిలబెట్టిన పుస్తకాల్లా ఉన్నాయి. వాటి తలల మీద ఎర్ర ఇసుకరాయి కాస్త వాలుగా పరుచుకుని ఉంది. హటన్ అక్కడే నిలబడి విడమరిచి చెప్పాడు. బూడిదరంగు బురద ఒకప్పుడు సముద్రం అడుగున అడ్డంగా పేరుకుంది. రాయిగా మారింది. మడతపడి నిలువుగా లేచింది. గాలికీ నీటికీ అరిగింది. ఆ అరిగిన తలల మీద మళ్లీ ఇసుక చేరి, అదీ రాయై, అదీ పైకి లేచింది. ఒక్కో మెట్టుకు ఎంతకాలం పట్టాలి? కాలం లోతుల్లోకి అంత దూరం తొంగిచూస్తే తల తిరిగినట్టయిందని ప్లేఫెయిర్ తర్వాత రాశాడు. ఈనాటి లెక్కలో కింది రాయి వయసు సుమారు 43 కోట్ల ఏళ్లు, పైది సుమారు 37 కోట్ల ఏళ్లు. రెంటి మధ్య ఉన్న ఆ గీతలో 6 కోట్ల ఏళ్లు దాగి ఉన్నాయి. భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ లయెల్ తర్వాత అదే చోటికి వచ్చి చూశాడు. లయెల్ పుస్తకం డార్విన్‌తో పాటు ఓడ ఎక్కింది.

వీళ్లందరినీ కలిపే ప్రశ్న ఒకటుంది. మనుషులు కలిసి బతకడం ఎలా సాధ్యమవుతోంది? స్మిత్ అంటే చాలామందికి ‘అదృశ్య హస్తం’ ఒక్కటే గుర్తుంటుంది, అంటే ఎవరి లాభం వాళ్లు చూసుకుంటూనే తెలియకుండా సమాజానికీ మేలు చేస్తారన్న మాట. ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’ అంతటిలో ఆ మాట వచ్చేది ఒక్కసారే. ఆయన 1759లో రాసిన మొదటి పుస్తకం నైతిక భావాల గురించి. ఎదుటివాడి స్థానంలో మనల్ని ఊహించుకోగలగడమే నీతికి మూలమని, మన లోపల ఒక నిష్పక్షపాత ప్రేక్షకుణ్ని కూర్చోబెట్టుకుంటామని ఆయన వాదన. ఆ పుస్తకాన్ని చనిపోయే ఏడాది దాకా సవరిస్తూనే ఉన్నాడు. ఉత్తరాది కొండల భాష గేలిక్ మాట్లాడే ఆడమ్ ఫెర్గూసన్ కొండప్రాంత సైనిక దళంలో పాస్టరుగా పనిచేసి వచ్చినవాడు. వాణిజ్యం పెరిగేకొద్దీ మనిషికి మనిషి దూరమవుతాడని 1767లోనే హెచ్చరించాడు. కొండల్లో వంశ కూటములు, మైదానంలో వర్తక సమాజం, రెండూ ఒకే దేశంలో రెండుమూడు రోజుల ప్రయాణ దూరంలో ఉండడం వల్లే సమాజాలు దశలు దశలుగా మారతాయన్న ఆలోచన వీళ్లకు అంత స్పష్టంగా వచ్చిందని నా నమ్మకం.

ఇప్పుడు చీకటి వైపు. ఇది చెప్పకపోతే నా సమాధానం అబద్ధమవుతుంది. గ్లాస్గో సంపద వర్జీనియా పొగాకు మీద, ఆ తర్వాత కరీబియన్ చక్కెర మీద పెరిగింది. రెండూ బానిసల శ్రమే. ఊరి నడిబొడ్డున వర్జీనియా వీధి, జమైకా వీధి, పొగాకు వర్తకుల పేర్లతో బుకానన్, గ్లాస్‌ఫర్డ్ వీధులు ఇప్పటికీ ఉన్నాయి. రైతుకవి రాబర్ట్ బర్న్స్ కూడా 1786లో జమైకా తోటలో గుమాస్తా పనికి వెళ్లడానికి సిద్ధపడ్డాడు. కిల్మార్నక్‌లో అచ్చయిన 612 ప్రతుల కవితల పుస్తకానికి పేరొచ్చి ఆగిపోయాడు. సమానత్వం పాడిన కవి ఆ ఓడ ఎక్కి ఉండేవాడన్నది మింగుడుపడని నిజం. హ్యూమ్ ఒక వ్యాసానికి రాసిన అధోజ్ఞాపికలో నల్లజాతివారు సహజంగానే తక్కువవారన్న అనుమానం వెలిబుచ్చాడు. అబర్డీన్ ప్రొఫెసర్ జేమ్స్ బీటీ 1770లోనే దాన్ని ఖండించాడు. కాబట్టి ‘ఆ కాలం అలాంటిది’ అనే సమర్థన చెల్లదు. ఆ కాలంలోనే, ఆ దేశంలోనే అది తప్పని చెప్పినవాళ్లున్నారు. జమైకా నుంచి తీసుకొచ్చిన జోసెఫ్ నైట్ తన యజమాని మీద కేసు వేస్తే, స్కాట్లాండ్ చట్టం బానిసత్వాన్ని గుర్తించదని 1778లో అత్యున్నత సివిల్ న్యాయస్థానం తీర్పిచ్చింది.

ఇంటి దగ్గర కూడా బానిసత్వం లాంటిది ఒకటుంది. 1606 చట్టం ప్రకారం బొగ్గు గని కార్మికులు గని వదిలి వెళ్లకూడదు. వెళితే దొంగ కింద లెక్క. పిల్లవాడి బాప్టిజం రోజున తండ్రి చేతిలో యజమాని పెట్టే బహుమతి ఆ పిల్లవాణ్ని కూడా గనికి కట్టేసేది. 1775, 1799 చట్టాలతో గానీ వాళ్లకు పూర్తి విముక్తి రాలేదు. లెడ్‌హిల్స్ సీసపు గనివాళ్లు స్వేచ్ఛాజీవులు, గ్రంథాలయం పెట్టుకున్నారు. అదే కాలంలో, ఆ దేశంలోనే, బొగ్గు గనివాళ్లు మనుషుల లెక్కలో లేరు. ఉత్తరాది కొండల్లో గేలిక్ భాషను బడుల్లోంచి వెళ్లగొట్టారు. 19వ శతాబ్దం మొదట్లో గొర్రెల మేత కోసం సదర్లాండ్ ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. జెడ్‌బరోలో పుట్టిన గణిత శాస్త్రవేత్త మేరీ సోమర్‌విల్ చిన్నప్పుడు రాత్రిళ్లు యూక్లిడ్ చదువుతోందని ఇంట్లోవాళ్లు కొవ్వొత్తులు తీయించేశారు. ఆమె కంఠస్థం చేసుకుని చీకట్లోనే లెక్కలు కట్టుకుంది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఆడవాళ్లకు డిగ్రీ ద్వారం తెరుచుకున్నది 1890లలో.

మన వైపు సంబంధం మీరనుకున్నదానికంటే ఎక్కువే. ఈస్టిండియా కంపెనీలో స్కాట్లాండ్‌వాళ్లు పెద్దసంఖ్యలో చేరారు. సొంత దేశంలో చదువు దొరికేది, దానికి తగ్గ ఉద్యోగాలు దొరికేవి కావు. ఎడిన్‌బరోలో పుట్టి అక్కడే చదివిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1780లలో విశాఖపట్నంలో ఉండి పాములు, చేపలు సేకరించాడు. 1796లో అచ్చయిన ఆయన పాముల పుస్తకంలో స్థానికుల తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. మనం రక్తపింజర అనే పాము అందులో ‘కాటుక రేకుల పొడ’. ప్రపంచం దాన్ని ఇప్పుడు రస్సెల్ పేరుతో పిలుస్తోంది. ఎడిన్‌బరోలోనే చదివిన విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో తోట పెంచి, కోరమాండల్ తీరపు మొక్కలను బొమ్మలతో సహా నమోదు చేశాడు. గీసినవాళ్లు ఇక్కడి చిత్రకారులే.

లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో కస్టమ్స్ ఉద్యోగం చేసి 1783లో మద్రాసు వచ్చిన, కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ గురించి మీకు తెలిసే ఉంటుంది. ఊరూరి కైఫీయత్తులు, అంటే స్థానిక చరిత్రల రాతలు, ఆయన పేరుతో ఉన్నాయి. నిజానికి ఆ పని కావలి వెంకట బొర్రయ్య, ఆయన 1803లో పోయాక తమ్ముడు లక్ష్మయ్య, వాళ్ల కింద పనిచేసిన ఎందరో పండితులది. ఒక ఊరి భూమి ఎవరిది, పన్ను ఎంత, గుడి ఎప్పటిది, కులాల ఆచారాలేమిటి అని అడిగిన ఆ ప్రశ్నల తీరు చూసినప్పుడల్లా నాకు ఫెర్గూసన్, రాబర్ట్‌సన్‌లు సమాజం గురించి వేసిన ప్రశ్నలే గుర్తొస్తాయి. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ అధిపతిగా ఉన్న ఆ రాబర్ట్‌సన్ 1791లో రాసిన చివరి పుస్తకం ప్రాచీనులకు భారతదేశం గురించి ఏం తెలుసన్నదే.

గ్లాస్గోలో పుట్టి అక్కడి విశ్వవిద్యాలయంలోనే చదివిన థామస్ మన్రో దత్త మండలాల (రాయలసీమ, బళ్లారి ప్రాంతాల) కలెక్టరు. 1827 జులైలో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మద్రాసు గవర్నరుగా 1822లో ఆయన ఒక సర్వే చేయించాడు. ఊళ్లలో బడులెన్ని, పిల్లలెందరు, ఏ కులాలవాళ్లు, ఏం చదువుతున్నారు? మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో దాదాపు 12,500 బడులు తేలాయి. ఇళ్ల దగ్గర చదువుకునేవాళ్లను కలుపుకుంటే మగపిల్లల్లో మూడోవంతుకు దగ్గరగా ఏదో ఒక చదువు అందుతోందని 1826లో అంచనా వేశాడు. ఐరోపాలో చాలా దేశాల్లో కొంతకాలం కిందటి దాకా ఉన్న స్థితికంటే ఇది మెరుగని కూడా రాశాడు. పారిష్ బడుల దేశం నుంచి వచ్చినవాడు కాబట్టే ఆ లెక్క తియ్యాలనిపించిందని నాకనిపిస్తుంది. వీళ్లంతా కంపెనీ కోసం పనిచేసినవాళ్లే, మన్రో సైనికుడు, పన్నుల అధికారి. ఆ సంగతి మరిచిపోయి పొగడనక్కరలేదు, వాళ్లు వదిలివెళ్లిన కాగితాలను పక్కన పడెయ్యనూ అక్కరలేదు.

ఎక్కడ మొదలుపెట్టి చదవాలో మీరు అడగలేదు గానీ చెప్పాలనిపిస్తోంది. హ్యూమ్ తొలి తత్వగ్రంథంతో మొదలుపెట్టకండి. ఆయన చిన్న వ్యాసాలు, నాలుగైదు పేజీల ఆత్మకథ చదవండి. స్మిత్‌లో నైతిక భావాల పుస్తకం మొదటి భాగం ముందు, తర్వాత ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’ ఐదో భాగంలో విశ్వవిద్యాలయాలు, బడుల గురించిన అధ్యాయం. హటన్ రాతలు చదవడం కష్టం, ప్లేఫెయిర్ ఆయన గురించి రాసిన జీవితకథ చదవండి. అన్నీ పాతవి కాబట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. మన కైఫీయత్తులు కూడా తెలుగులో అచ్చయినవి ఉన్నాయి. మీ జిల్లా సంపుటం దొరికితే దాన్నీ వీటి పక్కన పెట్టుకుని చదవండి. ఏదైనా చోట ఆగిపోతే అడగండి, తెలిసినంత చెబుతాను.